సర్వరు చెప్పే చివరి మాట

2024 జూలై 19వ తేదీన ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లు నీలితెర చూపి నిలిచిపోయాయి. విమానాలు ఆగాయి. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో పనులు స్తంభించాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగు పాసులను చేతితో రాసి ఇవ్వవలసి వచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక దోషపూరితమైన ఫైలు ఇందుకు మూలం. సుమారు 85 లక్షల యంత్రాలు ఈ ఆపదకు గురయ్యాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. కూలిన యంత్రాల నుండి అందిన క్రాష్ డంపులను పరిశీలించిన ఆ సంస్థ నిపుణులు, ఒక ప్రోగ్రాము తన హద్దు దాటి మెమరీని చదవబోవడమే పతనానికి హేతువని ధ్రువపరిచారు.

క్రాష్ డంపు అంటే ఏమిటి? సర్వరు పనిచేస్తున్నంతసేపూ దాని లెక్కలన్నీ ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో ఉంటాయి. సర్వరు కూలినప్పుడు దానిని తిరిగి ప్రారంభిస్తే సేవలు మొదలవుతాయి గాని, మెమరీలోని ఆధారాలు చెరిగిపోతాయి. కారణం తెలియని వ్యాధి మళ్లీ తిరగబెట్టవచ్చు. అందుచేత పతన సమయంలో మెమరీలో ఉన్న సమాచారాన్ని డిస్కుపై భద్రపరుస్తారు. అదే క్రాష్ డంపు. మరణ వాంగ్మూలం వంటిదన్నమాట.

విండోస్ సర్వరు ఈ సమాచారాన్ని సాధారణంగా ముందుగా పేజ్ ఫైలులో రాసి, పునఃప్రారంభమైన పిదప వేరొక ఫైలుగా మార్చుతుంది. మెమరీ అంతటినీ దాచాలంటే పేజ్ ఫైలు ర్యామ్ కన్న కొంత పెద్దదిగా ఉండాలి. అది చిన్నదైతే వాంగ్మూలం అసంపూర్ణమవుతుంది. అయితే పెద్ద మెమరీని రాయడానికి సమయం పడుతుంది. అంతవరకు సేవలు ఆగి ఉంటాయి. కాబట్టి చాలా సందర్భాల్లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు హృదయమైన కెర్నల్ భాగాన్ని మాత్రమే దాచుకోవడం మేలు.

లైనక్స్ మార్గం వేరు. కూలిన కెర్నల్ తన కథను తానే సక్రమంగా రాయగలదని నమ్మడం కష్టం. అందుకే 2005లో వెలువడిన 2.6.13 కెర్నల్‌లో కెడంప్ అనే ఏర్పాటు చేరింది. సర్వరు ప్రారంభంలోనే కొంత మెమరీని ప్రత్యేకించి, అందులో రెండవ కెర్నల్‌ను సిద్ధంగా ఉంచుతారు. మొదటిది కూలగానే రెండవది మేల్కొని, మొదటిదాని మెమరీని డిస్కుకు చేరుస్తుంది.

ఈ ఏర్పాటు చేసినంత మాత్రాన సరిపోదు. పరీక్షార్థం ఒక సర్వరును కావాలనే కూల్చి, డంపు నిజంగా తయారవుతున్నదో లేదో సరిచూడాలి. డిస్కులో తగిన చోటు ఉండాలి. డంపులో ప్రజల సంకేతపదాలు, వ్యక్తిగత వివరాలు కూడా ఉండవచ్చు. కనుక దానిని అందరికీ అందుబాటులో ఉంచరాదు.

ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే ప్రయోజనం లేదు. సర్వరు కూలిన తరువాత డంపును కోరినా ఫలితం అంతే. యంత్రం ఆరోగ్యంగా ఉన్ననాడే చేసిన ఏర్పాటు వలన దాని చివరి మాట మనకు దక్కుతుంది. ఆ మాట రేపటి పతనాన్ని నివారించగలదు.