వడ్లూరు అల్లుడికి బి-ఫారం ఎవరిచ్చారు?

2024 జులైలో తణుకు దగ్గరి వడ్లూరు పేరు ఒక్కసారిగా పేపర్లకెక్కింది. ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి. వాన్స్‌ను ఎంచుకున్నారు. ఆయన భార్య ఉష చిలుకూరి వారి ఆడపడుచు. వాళ్ల పూర్వీకులది వడ్లూరు. అల్లుడుగారు అంత దూరం ఎలా వెళ్లారో తెలియాలంటే ముందు ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని తేల్చే లోపలి ఎన్నిక) సంగతి తెలియాలి.

మన దగ్గర టికెట్ అధినేత చేతిలో ఉంటుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోగా ఎవరి పేరున్న బి-ఫారం రిటర్నింగ్ అధికారి బల్ల మీదికి చేరితే వారే పార్టీ అభ్యర్థి. అమెరికాలో ఆ బి-ఫారం ఇచ్చేది ఓటరు. అధ్యక్ష పదవికైతే రాష్ట్రాలన్నీ ఒకే రోజున కాక వేర్వేరు తేదీల్లో ఓటేస్తాయి. ఆ ఓట్లను బట్టి డెలిగేట్లు (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖాయం చేసే ప్రతినిధులు) దక్కుతారు.

పార్టీ టికెట్ ఎవరికి దక్కాల్సిందో ఓటర్లే తేల్చడం పిఠాపురంలోనూ 2014లో ఇంచుమించు జరిగింది. తెలుగుదేశం టికెట్ దక్కని స్థానిక నాయకుడు వర్మ ఇండిపెండెంటుగా నిలబడి గెలిచారు. ప్రైమరీ లేదు కాబట్టి ఆ పని ఓటర్లు అసలు ఎన్నికలోనే కానిచ్చారు. 2024లో అదే వర్మ సీటు వదులుకుని పవన్ కల్యాణ్ వెంట ప్రచారానికి తిరిగారు. పవన్ 70 వేలు దాటిన మెజారిటీతో గెలిచారు. అందులో వర్మ మాట ఎంత, పవన్ పేరు ఎంత? విడదీసి చెప్పడం కష్టం. ఎండార్స్‌మెంట్ (ఫలానావారికే నా మద్దతు అని బహిరంగంగా చెప్పడం) విషయంలో ఎక్కడైనా ఇదే చిక్కు.

ప్రైమరీలో పోటీదారులంతా ఒకే పార్టీ. గుర్తు చూసి ఓటేయడానికి లేదు. రిపబ్లికన్లలో అయితే అందరూ సంప్రదాయవాదులమనే అంటారు. ఎవరు అసలో తేల్చుకోలేని ఓటరు తనకు నమ్మకమున్న పెద్దమనిషి వైపు చూస్తాడు. ఒహాయోలో జరిగింది అదే. 2022 సెనేట్ ప్రైమరీలో వాన్స్ వెనకబడి ఉన్నారు. పైగా 2016లో ట్రంప్‌ను గట్టిగా విమర్శించిన మనిషి. ఏప్రిల్ 15న ట్రంప్ ఆయన పేరు ప్రకటించారు. మే 3న దాదాపు 32 శాతం ఓట్లతో వాన్స్ గెలిచారు. మిగతావి పోటీదారులు పంచుకున్నారు.

పెద్దలు ఒక మాట మీదకు రాకపోతే ఏమవుతుందో 2016 అధ్యక్ష ప్రైమరీలో సౌత్ కరోలినా చూపింది. అక్కడి అప్పటి గవర్నరు నిక్కీ హేలీ ట్రంప్ ప్రత్యర్థి రూబియో వైపు నిలిచారు. మత సంప్రదాయవాద నాయకులు చాలామంది మరో ప్రత్యర్థి క్రూజ్ వైపు. ఇద్దరికీ చెరో 22 శాతం వచ్చాయి. ట్రంప్‌కు 32.5 శాతమే. కానీ ఆ రాష్ట్రంలోని 50 మంది డెలిగేట్లూ ఆయనకే పోయారు.

అయోవాలో బాబ్ వాండర్ ప్లాట్స్ అని ఒక క్రైస్తవ సంప్రదాయవాద నాయకుడున్నారు. 2008లో హకబీ, 2012లో శాంటోరమ్, 2016లో క్రూజ్: అధ్యక్ష టికెట్ పోటీలో ఆయన మద్దతిచ్చిన ఈ ముగ్గురూ అయోవాలో గెలిచారు. (శాంటోరమ్ ఆధిక్యం 34 ఓట్లు. మన పంచాయతీ ఎన్నికల లెక్క!) ముగ్గురిలో ఒక్కరికీ చివరకు పార్టీ టికెట్ దక్కలేదు. 2023 నవంబరులో ఆయనా, గవర్నరు కిమ్ రెనాల్డ్స్ కూడా ట్రంప్ ప్రత్యర్థి డిశాంటిస్‌కు మద్దతు పలికారు. డిశాంటిస్ అయోవాలోని 99 కౌంటీలూ తిరిగారు. 2024 జనవరి 15న ట్రంప్‌కు 51 శాతం, డిశాంటిస్‌కు 21.

ఒహాయోలో పనిచేసిన మద్దతు అయోవాలో పనిచేయకపోవడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వాన్స్ ఎవరో ఒహాయో ఓటరుకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. ట్రంప్ ఎవరో అయోవా ఓటరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలియని మనిషికి మద్దతు పనిచేసినంతగా, తెలిసిన మనిషికి వ్యతిరేకంగా పనిచేయదు.

పైగా మద్దతు కొన్నిసార్లు ఫలితాన్ని మలుస్తుంది, కొన్నిసార్లు ఫలితం వెంటే వస్తుంది. అందుకే ఫలానా నాయకుడు ఫలానావారికి మద్దతిచ్చారన్న వార్త కనబడితే ముందు తేదీ చూడండి. వాన్స్ పేరు ట్రంప్ చెప్పింది పోలింగుకు 18 రోజుల ముందు. రిపబ్లికన్ నాయకుడు టిమ్ స్కాట్ ట్రంప్‌కు మద్దతు ప్రకటించింది అయోవా ఫలితం వచ్చిన నాలుగు రోజులకు. ఇంకో రెండు రోజులకు డిశాంటిస్ కూడా పోటీ నుంచి తప్పుకుని ట్రంప్‌కే జై కొట్టారు.