తీపి నీళ్లకు ఎండ తోడైతే...

నీళ్లలో చిటికెడు పొడి కలిపి వెలుగులో పెడితే బుడగలు బుడగలుగా ఇంధనం వస్తుంది. వినడానికి గారడీలా ఉన్నా ప్రయోగశాలల్లో ఇది నిజంగానే జరుగుతోంది. ఆ నీళ్లలో కాస్త చక్కెర ఉంటే పని ఇంకా తేలిక. మరైతే చెరకు సీమ బోధన్‌కి ఇందులో ఏమైనా పాలు ఉందా?

బోధన్‌ శక్కర్‌నగర్‌... పేరులోనే చక్కెర ఉన్న ఊరు. నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ 1937లో ఇక్కడే మొదలైంది. మంజీర మీద కట్టిన నిజాంసాగర్‌ నీళ్లతో చెరకు విరగపండేది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు తెచ్చుకున్న ఈ మిల్లు 2015 డిసెంబరులో మూతపడింది. చాలామంది రైతులు వరికి మళ్లారు. ఫ్యాక్టరీని తిరిగి తెరిపించేందుకు 2024 జనవరిలో ప్రభుత్వం కమిటీ వేసింది.

చెరకైనా, వరైనా యూరియా బస్తా తప్పదు కదా! ఆ యూరియాకి మూలం హైడ్రోజనే. రామగుండం కర్మాగారంతో సహా మన దేశంలో దాన్ని సహజవాయువు నుంచి తీస్తున్నారు. ఆ గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. అందుకే కేంద్రం 2023లో రూ.19,744 కోట్లతో జాతీయ గ్రీన్‌ హైడ్రోజన్‌ మిషన్‌ ప్రారంభించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారుచేయాలన్నది లక్ష్యం.

పొడి చేసే మాయ

1972లో జపాన్‌ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఓ వింత చూపించారు. రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్‌ మీద వెలుగు పడితే నీరు హైడ్రోజన్‌, ఆక్సిజన్‌లుగా విడిపోతోంది! చిక్కల్లా ఒకటే. దానికి అతినీలలోహిత కిరణాలే కావాలి. ఎండలో వాటి వాటా నాలుగైదు శాతమే.

కంటికి కనిపించే వెలుగునూ పట్టుకునేవి కొన్ని పాలిమర్లు. అంటే ప్లాస్టిక్‌ కుటుంబానివే. వెలుగు తగలగానే వీటిలో ఎలక్ట్రాన్‌ ఎగిరి, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్‌ నీటి నుంచి హైడ్రోజన్‌ని తీయాలి. కానీ క్షణంలోనే మళ్లీ ఖాళీలోకి దూకేస్తుంది. అందుకని ఎలక్ట్రాన్‌ని లాక్కునే మరో పదార్థాన్ని పాలిమర్‌ పక్కనే ఉంచుతారు. రెంటినీ ద్రావకంలో కరిగించి, సబ్బులాంటి రసాయనం కలిపిన నీళ్లలో ధ్వని తరంగాలతో చిలుకుతారు. మజ్జిగ చిలికినట్టే! ద్రావకం ఆవిరయ్యాక వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు ఉండే రేణువులు మిగులుతాయి.

2020లో సౌదీ అరేబియాలోని కింగ్‌ అబ్దుల్లా విశ్వవిద్యాలయంలో ఇయన్‌ మెకల్లక్‌ బృందం కేవలం ఆ సబ్బును మార్చి చూసింది. లోపల రెండు పదార్థాలూ బాగా కలిసిపోయి, హైడ్రోజన్‌ వచ్చే వేగం పది రెట్లు పెరిగింది. గ్రాము పొడికి గంటకు దాదాపు లీటరున్నర వాయువు లెక్కన!

చక్కెరతో ఏం పని?

మిగిలిన ఖాళీకీ మేత వేయాలి. లేకపోతే పని సాగదు. సౌదీ బృందం అందుకు విటమిన్‌ సి వాడింది. అది ఖర్చయిపోతుంది, ఖరీదూ ఎక్కువే. ఆ మేత చౌకగా దొరకాలి. టైటానియం డయాక్సైడ్‌తో చక్కెర, పిండి, సెల్యులోజ్‌ల నుంచి హైడ్రోజన్‌ తీయవచ్చని జపాన్‌లో కవాయ్‌, సకాటా 1980లోనే చూపారు. మన కడప యోగి వేమన విశ్వవిద్యాలయం పరిశోధకులు గ్లిజరిన్‌ కలిపిన నీళ్లతో ఇలాంటి ప్రయోగాలే చేశారు. కిలో హైడ్రోజన్‌లోకి వెళ్లే నీరు తొమ్మిది లీటర్లే.

చేలోకి ఎప్పుడు?

ఇప్పుడప్పుడే కాదు. పొడితోపాటు కాస్త ప్లాటినం కావాలి. అది బంగారంలా ఖరీదైన లోహం. పాలిమర్‌ రేణువులు ఏళ్ల తరబడి ఎండకు తట్టుకోవాలి. జపాన్‌లో 100 చదరపు మీటర్ల పలకలతో ఆరుబయట చేసిన పెద్ద ప్రయోగంలో (అది పాలిమర్‌ కాదు, ఖనిజ పదార్థం) గరిష్ఠంగా 0.76 శాతం ఎండే హైడ్రోజన్‌గా మారిందని 2021లో ప్రకటించారు.

పైగా మొలాసిస్‌కి ఇథనాల్‌ గిరాకీ ఉంది. చెరకు పిప్పి బాయిలర్లకే పోతుంది. మిగిలేది మిల్లు కడిగిన తీపి నీళ్లు. వాటిని శుద్ధి చేయడం మిల్లుకు ఖర్చే. ఆ ఖర్చు ఏనాటికైనా ఆదాయమైతే మంచిదే. కానీ మురికి నీళ్లలోకి వెలుగు దిగదు కాబట్టి ముందు వాటిని వడకట్టాల్సిందే.

అన్నిటికన్నా ముందు ఇంకోటి జరగాలి. ఆ తీపి నీళ్లు రావాలంటే బోధన్‌లో మళ్లీ చెరకు ఆడాలి!