సగం వంట సీసాలోనే

సెమూర్ దింపేముందు గరిటె ఎత్తి చూడండి. గ్రేవీ జారిపోదు. గరిటె వెనక నల్లగా, నున్నగా అంటుకుని, అంచు దగ్గర బొట్టుగా ఊరి, తీరిగ్గా కింద పడుతుంది. జకార్తా ఇళ్లలో రంజాన్ పండక్కి వండే తీపి గొడ్డుమాంసం ఇగురు ఇది. పేరు డచ్చివాళ్లది: మూతపెట్టి సన్నటి సెగ మీద మగ్గించడాన్ని వాళ్లు ‘స్మోరెన్’ అంటారు. జాజికాయ, లవంగాలు మలుకు దీవులవి. ఆ నలుపు, ఆ తీపి, ఆ నిగనిగ మాత్రం ఒక సీసాలోంచి వచ్చాయి. అదే కెచాప్ మానిస్. మానిస్ అంటే తీపి.

‘కెచాప్’ అన్న మాట దక్షిణ చైనా తీరంలోని హొక్కియన్ భాషలో పుట్టింది. అక్కడ దాని అర్థం చేపల ఊట. ఓడలెక్కి ఇంగ్లండు చేరి, కాలక్రమంలో టమాటాతో స్థిరపడి, మన సమోసా పక్కకొచ్చిన కెచప్ కూడా ఆ మాటే. జావాలో అది సోయా రసానికి అతుక్కుంది. చైనా నుంచి వలస వచ్చినవాళ్లు సోయా ఊరబెట్టే విద్య తెచ్చారు. జావా దానికి నల్ల సోయా గింజలనూ, కొబ్బరి బెల్లాన్నీ ఇచ్చింది.

కెచాప్ కార్ఖానాలో అసలు యంత్రం బూజు. నానబెట్టి ఉడికించిన గింజలను వెదురు చేటల్లో పరిస్తే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కమ్ముకుంటుంది. అది వదిలే ఎంజైములు కత్తెరల్లాంటివి: కొన్ని పిండిపదార్థాన్ని చక్కెరలుగా తుంచుతాయి, కొన్ని మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా తుంచుతాయి. వాటిలో ఒకటి గ్లుటమిక్ ఆమ్లం. మాంసం చారులో నాలుకను పట్టి నిలిపే రుచి దానిదే. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి దాన్ని విడదీసి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. బూజు పట్టిన గింజలను దాదాపు ఐదో వంతు ఉప్పున్న నీళ్లలో ముంచి జాడీల్లో నెలల తరబడి ఎండకు పెడతారు. అంత ఉప్పులో కుళ్లబెట్టే క్రిములు బతకవు. ఉప్పుకు ఓర్చే బ్యాక్టీరియా, ఈస్టు మిగిలి వాసన పోగుచేస్తాయి.

వడగట్టాక రెండో అంకం. కొబ్బరి గెల గీసి తీసిన నీరాను కాచి, కొబ్బరి చిప్పల్లో పోసి అచ్చులు కట్టిన బెల్లం ఉంటుంది. మన తాటిబెల్లానికి దగ్గరి చుట్టం. ఆ రసంలో ఈ బెల్లం వేసి, అనాసపువ్వులాంటి దినుసులతో చిక్కబడేదాకా కాస్తారు. అప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడిలో కలిసి ముదురు గోధుమరంగు పదార్థాలుగా మారతాయి. ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమిల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇది. కాల్చిన రొట్టె పెంకు రంగు వెనకా ఇదే ఉంది.

టాంగరాంగ్ పట్టణంలో 1928లో ఇంటి పరిశ్రమగా మొదలైన ‘బాంగో’ (అంటే కొంగ) కెచాప్ 2001లో యూనిలీవర్ చేతికి వెళ్లింది. ప్రతి కంపెనీ తన సీసా మీద ‘నంబరు వన్’ అని వేసుకుంటుంది కాబట్టి, ఇండోనేసియాలో సొంత డబ్బా కొట్టేవాణ్ని చూసి, ‘నంబరు రెండు కెచాప్ ఎక్కడైనా ఉందా’ అని నవ్వుతారు.

ఇక పొయ్యి దగ్గరికి. అరకిలో పిక్క మాంసం పెద్ద ముక్కలుగా కోయాలి. చిన్న ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు నూరి వేయించి, జాజికాయ, లవంగాలు, దాల్చినచెక్క, టమాటా వేసి, ముక్కలు రంగు మారాక నీళ్లు పోయాలి. మొదటిసారి నేను కెచాప్ అంతా అప్పుడే కుమ్మరించి పెద్దమంట పెట్టాను. ఇరవై నిమిషాల్లో అడుగంటింది. ఇల్లంతా మాడిన పాకం వాసన. తప్పు నాదే. సీసాలో బరువులో సగం దాకా చక్కెరే, నీరు ఇంకితే అది మాడుతుంది. రెండు చెంచాలు ముందు, మూడు చెంచాలు చివర్లో పోయాలని అప్పుడు తెలిసింది.

సన్నసెగ అవసరం మాంసానిదీ. పిక్కలో కండ పోగులను కట్టి ఉంచే కొలాజెన్ గట్టి తాడులాంటిది. గ్రేవీ సలసల కాగకుండా అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేస్తూ రెండు గంటలుంటే అది కరిగి జెలటిన్ అవుతుంది. ఆఖరి అరగంటలో బంగాళాదుంప ముక్కలు వేస్తే సరి.

మర్నాడు ఫ్రిజ్ లోంచి తీస్తే గ్రేవీ గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు జెలటిన్‌ది, ఆ నలుపు బెల్లం కాచినవాళ్లది, ఆ రుచి నెలల కిందట చేటలో మొలిచిన బూజుది. నేను చేసిందల్లా మంట తగ్గించడమే.