గొట్టం పక్కన మోటారు

కారులో ఉండే మోటార్లలో సెల్ఫ్ మోటారుది విచిత్రమైన పుట్టుక. కొన్ని సెకన్లు మాత్రమే తిరగాలన్న షరతు మీదే దాన్ని తయారుచేశారు. ఇంజన్‌ను కరెంటుతో తిప్పాలంటే ఇంజనంత మోటారూ, దానికి తగ్గ బ్యాటరీలూ కావాలని చాలామంది అనుకుంటున్న రోజుల్లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ ఊళ్లో చార్లెస్ కెటరింగ్ ఈ పనికి పూనుకున్నాడు. అంతకుముందు ఆయన నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో దుకాణాల గల్లాపెట్టె యంత్రానికి ఎలక్ట్రిక్ మోటారు బిగించినవాడు. మోటారును కాల్చేది ఎక్కువ కరెంటు ఒక్కటే కాదు, అది ఎంతసేపు పారిందన్నది కూడా. రెండు మూడు సెకన్ల పనే అయితే చిన్న మోటారు చేత కూడా తాహతుకు మించిన బరువు లాగించవచ్చు. రాగి తీగ కాగి ఇన్సులేషన్ మాడేలోగా ఇంజన్ అందుకుంటుంది. ఈ లెక్క మీద నడిచిన సెల్ఫ్ 1912 మోడల్ క్యాడిలాక్‌తో జనంలోకి వచ్చింది. కెటరింగ్‌కు పేటెంటు 1915లో దక్కింది.

అప్పటిదాకా ఇంజన్‌కు ముందువైపు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పడమే దారి. స్పార్కు ముందుగా పడితే హ్యాండిల్ వెనక్కి తన్నేది, మణికట్లు విరిగేవి. మన అంబాసిడర్‌కూ హ్యాండిల్ ఉండేది కాబట్టి ఆ దెబ్బ ఎలాంటిదో పాత డ్రైవర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాతి నలభై ఏళ్లలో సెల్ఫ్ మోటారు రూపం కుదురుకుంది. 1955లో షెవర్లే చిన్న బ్లాకు వీ8 ఇంజన్ తెచ్చింది, ఆ ఏడాదే తన కార్లను 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మార్చింది. ఆ కుటుంబంలోని ఇంజన్లతోనే 1967 మోడల్ కమారో లాంటి మజిల్ కార్లు నడిచాయి. కమారోలో సెల్ఫ్ మోటారు ఉండే చోటు ఇంజన్‌కు కుడిపక్క, అడుగున, వెనకాల. దాని నెత్తిన సాలినాయిడ్ కూర్చుంటుంది. తాళం తిప్పగానే సాలినాయిడ్ తన ఇనుప కడ్డీని లోపలికి లాక్కుని, 9 పళ్ల పినియన్‌ను ముందుకు తోస్తుంది. పినియన్ వెళ్లి ఫ్లైవీల్ చుట్టూ ఉన్న 168 పళ్ల చక్రంలో పడుతుంది. (153 పళ్ల చక్రాలూ ఉన్నాయి.) అంటే ఇంజన్ ఒక్క చుట్టు తిరగాలంటే మోటారు పద్దెనిమిదిన్నర చుట్లకు పైగా తిరగాలి. ఇంజన్ అందుకుని నిమిషానికి 1000 చుట్లు తిరగ్గానే ఈ నిష్పత్తి అడ్డం తిరుగుతుంది, పినియన్ 18,000 దాటుతుంది. ఆ వేగం మోటారు లోపల తిరిగే ఆర్మేచర్‌కు చేరితే తీగలు ఊడి చెల్లాచెదురవుతాయి. అలా జరగకుండా మధ్యలో ఒకవైపే పట్టే క్లచ్ కాపలా కాస్తుంది. ఈ మోటారులో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్న భాగం అదే.

ఇక హెడర్ల సంగతి, అంటే ఇంజన్ పొగను బయటికి పంపే మానిఫోల్డ్ తీసేసి దాని బదులు బిగించుకునే గొట్టాలు. కంపెనీ బిగించి పంపే మానిఫోల్డ్ దళసరి పోత ఇనుముది. నాలుగు సిలిండర్ల పొగనూ ఒకే ఇరుకు గదిలోకి వదులుతుంది. చిన్న బ్లాకు షెవర్లేలో సిలిండర్లు పేలే వరస 1-8-4-3-6-5-7-2. సరిసంఖ్యలవి కుడి వరస. ఆ వరసలో 8 పేలిన 90 డిగ్రీలకే 4 పేలుతుంది, 4కూ 6కూ మధ్య 180, 6కూ 2కూ మధ్య 270 డిగ్రీలు. ఎగ్జాస్ట్ వాల్వు ఒకసారి తెరుచుకుంటే క్రాంక్ 200 డిగ్రీలకు పైగా తిరిగేదాకా మూసుకోదు. కాబట్టి 8 ఇంకా ఊదుతుండగానే 4 తలుపు తెరుస్తుంది, ఒకదాని పొగ ఒకదానికి ఎదురొస్తుంది. హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కూ వేరే గొట్టం ఉంటుంది, వ్యాసం తరచు 41 మిల్లీమీటర్ల దాకా. నాలుగు గొట్టాలూ కిందికి వెళ్లాక కలెక్టర్ దగ్గర కలుస్తాయి. పొగ తోసిన పీడనపు అల కలెక్టర్ చేరి ఒక్కసారిగా వెడల్పులోకి పడగానే, దాని జవాబుగా తక్కువ పీడనపు అల గొట్టంలో పైకి తిరిగివస్తుంది. గొట్టం పొడవు కుదిరితే, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉన్న క్షణానికి ఆ అల సిలిండర్ చేరి, మిగిలిన పొగను లాగేస్తుంది. ఆ లాగుడుకే కొత్త మిశ్రమం లోపలికి దిగుతుంది. అదనపు యంత్రమేమీ లేకుండా, వట్టి గొట్టం పొడవుతో ఇంజన్ శ్వాస మార్చడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

చిక్కు గొట్టం పలచదనంలో ఉంది. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఉక్కు రేకు లోపల వందల డిగ్రీల పొగ పారుతుంటుంది. కుడివైపు 6, 8 నంబర్ల గొట్టాలు కిందికి దిగే దారి సరిగ్గా సెల్ఫ్ మోటారు పక్క నుంచే. కారు పరుగెత్తుతున్నంతసేపూ గాలి వేడిని ఊడ్చుకుపోతుంది. బండి ఆపగానే గాలి ఆగిపోతుంది, గొట్టాలు మాత్రం మోటారు మీదికి వేడి చిమ్ముతూనే ఉంటాయి. పెట్రోలు కొట్టించి, పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ‘టిక్’మని ఒక్క చప్పుడు, అంతే.

ఆ టిక్ వెనక ఉన్న లెక్క చేసి చూద్దాం. రాగి నిరోధం ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. సాలినాయిడ్ చుట్ట 20 డిగ్రీల నుంచి 120కి చేరితే నిరోధం 39 శాతం ఎక్కువ. అదే వోల్టేజికి కరెంటు 72 శాతానికి పడిపోతుంది. కడ్డీని లాగే బలం దాదాపు కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, సగమే మిగులుతుంది. అటు వేడెక్కిన ఇంజన్, అందులోనూ 11:1 కంప్రెషన్ ఉన్నది, తిరగడానికి మొరాయిస్తుంది.

పాతకాలపు మెకానిక్కులు దీనికో ఉపాయం పట్టారు. ఆనాటి ఫోర్డ్ కార్లలో సెల్ఫ్ రిలే మోటారుకు దూరంగా, బానెట్ కింద పక్కగోడకు ఉండేది. దాన్ని తెచ్చి షెవర్లేకు బిగించేవారు. తాళం నుంచి వచ్చే పాత సన్నతీగల్లో వోల్టేజి నీరసించిపోకుండా, బ్యాటరీ బలమంతా నేరుగా సాలినాయిడ్‌కు అందేది. మంచి ఉపాయమే, కానీ మోటారు ఉన్న చోటు మారలేదు.

అసలు విరుగుడు మోటారును చిన్నది చేయడం. శక్తి అంటే తిప్పుడు బలం, వేగం కలిసిన లబ్ధం. వేగం నాలుగింతలు చేస్తే అదే శక్తికి నాలుగో వంతు తిప్పుడు బలం చాలు, మోటారు పరిమాణం ఆ మేరకు తగ్గుతుంది. లోపలే గేర్లు పెట్టి ఆ వేగాన్ని మళ్లీ బలంగా మార్చుకోవచ్చు. క్రైస్లర్ 1962 మోడళ్లలోనే గేర్ల సెల్ఫ్ పెట్టింది. 1980లలో శాశ్వత అయస్కాంతాలు వచ్చి పాత ఫీల్డ్ కాయిళ్లను తీసేశాయి, వాటితోపాటు అవి పుట్టించే వేడీ పోయింది. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాన్ని జపాన్‌లో మసాటో సగావా, జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ విడివిడిగా కనిపెట్టారు. జనరల్ మోటార్స్ ఇండియానాలోని ఆండర్సన్‌లో వాటికి ఫ్యాక్టరీ పెట్టిందంటే, కారణాల్లో ముఖ్యమైనది ఈ సెల్ఫ్ మోటారే. ఇప్పుడు దొరికే చిన్న సెల్ఫ్ బరువు పాతదానిలో దాదాపు సగం. కొన్నిటిలో గేర్ల వల్ల మోటారు నడుము పినియన్ గీత నుంచి పక్కకు జరుగుతుంది, చాలావాటిని గొట్టానికి దూరంగా తిప్పి బిగించుకునే వీలూ ఉంటుంది.

హెడర్లూ, కొత్త సెల్ఫూ బిగించేటప్పుడు ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాలి. కుడి హెడర్‌ను కింది నుంచి పైకి పంపడానికి పాత మోటారు ఎలాగూ దించాల్సిందే. కొత్తదానికి బ్లాకు ముఖం శుభ్రంగా తుడిచి, నడుము దగ్గర గరుకు గీతలున్న అసలు బోల్టులే వాడాలి. ఆ గీతలే మోటారును కంతలో కదలకుండా నిలబెడతాయి. తర్వాత పినియన్‌ను చేత్తో ముందుకు లాగి, దాని పంటి కొసకూ పెద్ద చక్రం పళ్ల మధ్య లోతుకూ నడుమ జెమ్ క్లిప్పు తీగ దూరుతుందేమో చూడాలి. ఆ సందు సుమారు 0.9 మిల్లీమీటర్లు. సందు తక్కువైతే ఇంజన్ అందుకునే వేళ సన్నని ఏడుపు లాంటి శబ్దం వస్తుంది, ఎక్కువైతే పళ్లు కొసల మీదే కొరుక్కుని రాలిపోతాయి. పలచని షిమ్ములు వేసి సరిచేయాలి. ఈ ఐదు నిమిషాల పనికి బద్ధకించి చక్రం పళ్లు పోగొట్టుకుంటే గేర్‌బాక్సు దించక తప్పదు.

అయస్కాంతానికీ వేడి పడదు, కాగేకొద్దీ దాని పట్టు సడలుతుంది. అందుకే గొట్టానికీ మోటారుకూ మధ్య వేలు దూరేంత గాలి వదలాలి, వీలైతే అడ్డుగా వేడి ఆపే రేకు పెట్టాలి. హెడర్ బోల్టులు ఒకసారి కాగి చల్లారాక వదులవుతాయి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాత బండిని బాగా తిప్పి, ఆపి, పావుగంట ఆగి సెల్ఫ్ కొట్టి చూడాలి. అప్పటికీ నెమ్మదిగానే తిరిగితే తప్పు మోటారుదని అనుకోవద్దు. బ్యాటరీ కేబుళ్లూ, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగా చూడాలి. 200 ఆంపియర్లు లాగే మోటారుకు దారిలో ఓంలో నూరో వంతు నిరోధం ఉన్నా చాలు, 2 వోల్టులు మోటారు చేరకముందే పోతాయి.