ఓడ విక్టోరియాలో ఆగిన సాయంత్రం

జనవరి వచ్చిందంటే చాలు, మన గ్రూపులన్నీ క్రూయిజ్ ఫొటోలతో నిండిపోతాయి. మనం ఇక్కడ వాకిట్లో మంచు పారతో ఎత్తిపోసుకుంటూ ఉంటే, ఫోన్‌లో ఎవరో ఒకరు కొజుమెల్‌లోనో నాసౌలోనో కొబ్బరిచెట్టు కింద టోపీ పెట్టుకుని నవ్వుతూ ఉంటారు. భుజం మీద రంగుల చిలక, లేదంటే నీళ్ళలో పక్కనే డాల్ఫిన్. కింద వరసగా మెసేజ్‌లు: "ఎంతయిందండీ?", "వెజ్ దొరికిందా?", "మా అత్తగారు మెట్లు ఎక్కలేరు, పర్లేదా?" నేనూ అడిగినదాన్నే.

ఈసారి కొబ్బరిచెట్లు లేని ద్వీపం గురించి చెప్తాను. మన కెనడాదే. ఈ వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారు, అలాస్కా ఓడ బుక్ చేశాం అన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కదా. సియాటిల్‌లో ఎక్కే ఓడయితే, తిరుగు దారిలో చాలావరకు విక్టోరియాలో ఆగుతుంది. వాంకూవర్ ఐలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఊరు. "సాయంత్రం కాసేపేగా, ఓడలోనే పడుకున్నాం" అనేవాళ్ళని నలుగురిని విన్నాను. వాళ్ళకోసమే ఇది రాస్తున్నా.

అసలు ఓడ అక్కడ ఎందుకు ఆగుతుందో తెలుసా? మనకి విక్టోరియా చూపించాలని కాదు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. వేరే దేశం జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవులో ప్రయాణికుల్ని ఎక్కించుకుని, మధ్యలో ఒక్క పరాయి దేశపు రేవైనా తాకకుండా మళ్ళీ అక్కడే దింపకూడదు. పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ దాదాపు వేరే జెండాలవే. అందుకని ఏటా 300కి పైగా ఓడలు విక్టోరియా తలుపు తట్టి పోతుంటాయి. చాలావరకు సాయంత్రం వచ్చి అర్ధరాత్రి లోపే లంగరెత్తేస్తాయి. చట్టం కోసం ఆగినా, జూన్, జులైల్లో తొమ్మిది దాటేదాకా అక్కడ వెలుతురుంటుంది. అది మన అదృష్టం.

మేం 2024 జులైలో వెళ్ళాం. మేముండేది సర్రేలో. ఫెర్రీలో గంటన్నరలో చేరే ఊరికి, సియాటిల్ దాకా కారు నడిపి, అలాస్కా అంతా చుట్టి, ఏడో రోజున చేరామన్నమాట. మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. అమ్మ రెండోసారి వచ్చింది అప్పుడు, మా రెండోవాడి కాన్పుకి. తిరుగు టిక్కెట్టు ఇంకో రెండు వారాల్లో ఉంది. ఆ రెండు వారాల సంగతి ఇద్దరం ఎత్తకుండా ఓడంతా తిరిగాం.

ముందు కాగితాల సంగతి. అమ్మానాన్నలకి అమెరికా వీసా ఎలాగూ ఉండాలి. విక్టోరియాలో దిగడమంటే మళ్ళీ కెనడాలోకి రావడమే కాబట్టి కెనడా వీసా తేదీలు కూడా చూసుకోండి. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే బుక్ చెయ్యకముందే కనుక్కోండి. ఇంకోటి గడియారం. అలాస్కా టైమ్ మనకన్నా గంట వెనక. ఫోన్ ఒకటి చెప్తే ఓడ ఇంకోటి చెప్తుంది. తిరిగి ఎక్కాల్సిన వేళ ఓడవాళ్ళు చెప్పిందే లెక్క. పండ్లు, ఇంటి వంట చేత్తో పట్టుకుని దిగకూడదు. అమ్మ సంచిలో దాచిన ఆపిల్ ముక్కల్ని గుమ్మం దగ్గర నేనే తినేశాను.

ఓడ ఆగే చోటు పేరు ఆగ్డెన్ పాయింట్. దిగగానే పక్కన సముద్రంలోకి ముప్పావు కిలోమీటరు పొడుగున రాతి గట్టు, చివర చిన్న లైట్‌హౌస్ కనిపిస్తాయి. రెండువైపులా కమ్మీలున్నాయి, పెద్దవాళ్ళు పట్టుకుని మెల్లిగా నడవొచ్చు. గాలి మాత్రం జులైలో కూడా చెవులు కోసేస్తుంది, మంకీ క్యాప్ తెచ్చుకుంటే సిగ్గుపడకండి. ఊళ్ళోకి అరగంట నడక. దారిలో ఫిషర్‌మన్స్ వార్ఫ్‌లో నీళ్ళమీద తేలే రంగురంగుల ఇళ్ళు, వాటి మధ్య గుండ్రటి కళ్ళతో సీల్స్. పిల్లలు చేపముక్క వేద్దామంటారు. వద్దనండి. అడవి సముద్రజీవులకి తిండి పెట్టడం కెనడాలో చట్టరీత్యా తప్పు. బీకన్ హిల్ పార్కులో నెమళ్ళు తిరుగుతుంటాయి, నిజంగా. అమ్మ వాటిని చూసి, "దీనికోసం ఇంతదూరం రావాలా" అంది.

కానీ మేం నడక మీద ఎక్కువసేపు ఉండలేదు. తిమింగలాల పడవకి ముందే డబ్బు కట్టేశాం, మనిషికి వంద డాలర్లకు పైనే. రబ్బరు పడవలు ఎగిరెగిరి పడతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో అయితే పైకప్పు, బాత్రూమ్ ఉన్న పెద్ద పడవే తీసుకోండి. కడుపులో తిప్పకుండా మాత్ర ఎక్కకముందే వేసుకోవాలి. ఎక్కాక వేసుకుంటే దండగ.

వ్హాన్ డి ఫ్యూకా జలసంధిలోకి వెళ్ళాం. అవతలి ఒడ్డున అమెరికా కొండలు, మంచుతో. రేస్ రాక్స్ అని 1860 నాటి నలుపూ తెలుపూ చారల లైట్‌హౌస్ ఉంది. దాని కింద బండలమీద సీ లయన్స్ ఒకదానిమీద ఒకటి పడి అరుస్తున్నాయి. వాసన గురించి చెప్పను. మా అమ్మది కాకినాడ. జగన్నాథపురం వంతెన దగ్గర పడవలు చూస్తూ పెరిగింది. ఆ వాసనకి మేమంతా ముక్కులు మూసుకుంటే ఆవిడ హాయిగా నిలబడింది.

ఇంతలో కెప్టెన్‌కి రేడియోలో ఏదో కబురొచ్చింది. ముందు ఓర్కాల గుంపు ఉంది, జె పాడ్ అని మైకులో చెప్పాడు. అందరం లేచాం, ఫోన్లు తీశాం. ఆయన పడవ వెనక్కి తిప్పేశాడు.

నిజం చెప్తున్నాను, నాకు ఒళ్ళు మండింది. ఇంత డబ్బు పోసి, మళ్ళీ వస్తుందో రాదో తెలియని అమ్మని తీసుకొస్తే, కనబడిన వాటికి దూరంగా పోతాడా? పక్కనున్నవాళ్ళు కూడా గొణిగారు. అప్పుడు పడవలో ఉన్న గైడ్ అమ్మాయి వచ్చి చెప్పింది. ఈ నీళ్ళలో రెండు రకాల ఓర్కాలు తిరుగుతాయట. చూడ్డానికి మనకి ఒకలాగే ఉంటాయి, కానీ ఒకదానితో ఒకటి కలవవు, మాట్లాడుకునే అరుపులు కూడా వేరు. సీల్స్‌నీ సీ లయన్స్‌నీ వేటాడేవి బిగ్స్ ఓర్కాలు. వీపు మీది రెక్క, దాని వెనక బూడిదరంగు మచ్చ చూసి ఒక్కోదాన్నీ గుర్తుపట్టి లెక్క రాయడం 1970ల్లో మొదలుపెట్టిన మైకేల్ బిగ్ అనే కెనడా శాస్త్రవేత్త పేరది. అవి బాగానే పెరుగుతున్నాయి. రెండో రకం చేపలు మాత్రమే తింటుంది. జె, కె, ఎల్ అని మూడు కుటుంబాలు. అన్నీ కలిపితే 75 కూడా లేవు. వీటిని చూపించడానికి టూరిస్టు పడవలు వెళ్ళకూడదని ఒప్పందం. మామూలు పడవలు కూడా 2024లో కనీసం 400 మీటర్ల దూరంలో ఉండాల్సి వచ్చేది. ఓర్కాలు టక్‌టక్‌మని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనితో చేపని వెతుకుతాయి. మన ఇంజన్ మోత అందులో కలిస్తే వాటికి తిండి దొరకదు.

"ఏ చేప తింటాయిట?" అంది అమ్మ. అన్నిటికన్నా ముందు అదే అడిగింది.

చినూక్ సాల్మన్ అన్నాను. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ పోయేది. "అంటే పులస లాంటిదా" అంది. అచ్చంగా అదే. వానాకాలంలో గోదారికి ఎదురెక్కి ధవళేశ్వరం దాకా వచ్చే పులస కోసం మనవాళ్ళు పుస్తెలైనా అమ్ముతాం అంటారు కదా. ఈ ఓర్కాలూ అంతే, వేరే సాల్మన్లు పక్కనే ఉన్నా ముందు చినూక్ కోసమే చూస్తాయి. ఆనకట్టలు, వేడెక్కిన నదులు, ఎక్కువ వేట, ఇలా అన్నీ కలిసి చినూక్ తగ్గింది. వాటి పొట్టలూ మాడాయి.

ఆ తర్వాత గైడ్ చెప్పిన సంగతులకి మా పడవలో ఆడవాళ్ళందరం దగ్గరికి జరిగాం. ఈ కుటుంబాలకి పెద్ద దిక్కు ముసలి తల్లి. ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా జీవితాంతం తల్లి పక్కనే ఉంటారు.

"మరి పెళ్ళిళ్ళో?" అంది అమ్మ.

వేరే గుంపువాళ్ళు కలిసినప్పుడు జతకట్టి, మళ్ళీ అమ్మ దగ్గరికే వచ్చేస్తారు అన్నాను. "ఇల్లరికం కూడా కాదన్నమాట, చుట్టంచూపే" అంది.

ఓర్కా ఆడవాటికి నలభై దాటేసరికి కాన్పులు ఆగిపోతాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతుకుతాయి. మనకిలాగే. ఇలా ఉన్న జంతువులు ప్రపంచంలో చాలా కొద్ది. మరి ఆ ఏళ్ళలో ఏం చేస్తాయంటే, సాల్మన్ తక్కువగా ఉన్న సంవత్సరాల్లో గుంపుకి ముందు నడుస్తాయి, చేప ఎక్కడ దొరుకుతుందో వాటికి గుర్తు కాబట్టి. అమ్మమ్మ ఉన్న పిల్లలు ఎక్కువగా బతుకుతారని 2019లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కాన్పుకి వచ్చి ఆరు నెలలు మన వంటింట్లో నిలబడే అమ్మలకి ఈ మాట చెప్పండి, పరిశోధన ఎందుకు దండగ అంటారు. తల్లి చేపని పట్టి, పెద్దయిన కొడుకుకి కూడా ముక్క పెడుతుందట. ఆ పెట్టడంలో పడి తనకి మళ్ళీ కాన్పు వచ్చే అవకాశం సగానికి తగ్గుతుందట. "కొడుక్కి పెద్ద ముక్క ఇక్కడా ఉందా" అన్నాను నేను. అమ్మ నావైపు చూసి ఊరుకుంది. మా అన్నయ్య ఈ పత్రిక చదవడనే ధైర్యంతో రాస్తున్నా.

మేం చూడకుండా వెనక్కి తిరిగిన ఆ జె కుటుంబంలోనే తాలెక్వా ఉంది. జె35 అని లెక్కల్లో పేరు. 2018 జులై 24న దానికి పుట్టిన పిల్ల అరగంటకే పోయింది. ఆ పిల్లని ముక్కు మీద, తల మీద పెట్టుకుని, జారిపోతే మళ్ళీ మునిగి తెచ్చుకుంటూ, 17 రోజులు మోసింది. దాదాపు 1600 కిలోమీటర్లు. ఆ ఫొటోలు అప్పట్లో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటాయి. మరుసటి ఏడు దాని తల్లి పోయింది. 2020లో మగపిల్లాడు పుట్టాడు, బతికాడు.

"పదిహేడు రోజులా" అంది అమ్మ. ఇంకేమీ అనలేదు. నేను చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ కుటుంబాలు ఇంత చిన్నవి కావడానికి చేప ఒక్కటే కారణం కాదు. 1960లు, 70ల్లో వలలు వేసి పిల్లల్ని పట్టి అక్వేరియంలకి అమ్మారు. చిన్నవైతే మొయ్యడం తేలిక కాబట్టి పిల్లలే ఎక్కువగా పోయాయి. 1970లో పట్టిన ఒక ఆడపిల్లని మయామీలో కొలనులో ఉంచి ఆడించారు. టోకిటే అని పేరు. 2023 ఆగస్టులో అక్కడే చనిపోయింది, ఇల్లు చూడకుండానే. కెనడా 2019లో తిమింగలాల్నీ డాల్ఫిన్లనీ వినోదం కోసం బంధించడం చట్టంతో ఆపింది. కొజుమెల్‌లో డాల్ఫిన్‌తో ఫొటో దిగిన మన అక్కచెల్లెళ్ళని తప్పు పట్టడానికి ఇది చెప్పట్లేదు. మా పెద్దవాడిని తీసుకుని నేనూ దిగాను, 2019లో. ఆ ఫొటో ఫ్రిజ్ మీద ఉండేది. తర్వాతెప్పుడో తీసేశాను.

ఓర్కాల్ని అసలు చూడలేదా అంటే, చూశాం. వెనక్కి వస్తుంటే బిగ్స్ రకం నాలుగు, అందులో నారింజ ఛాయ మచ్చలున్న చిన్న పిల్ల ఒకటి, తల్లి పక్కకి అతుక్కుని. పడవ ఇంజన్ ఆపేశారు. ఊపిరి వదిలిన శబ్దం వినబడింది, కుక్కర్ విజిల్ రాబోయే ముందు వస్తుందే, అలా. అమ్మ ఫొటో తియ్యలేదు. నేను తీసిన పదిహేడింటిలో పదహారు నీళ్ళే.

డబ్బు కట్టలేని వాళ్ళకి, పడవ పడని వాళ్ళకి ఒక మాట. ఆ రాతి గట్టు మీద గానీ, డల్లాస్ రోడ్డు వెంట క్లోవర్ పాయింట్ దగ్గర గానీ బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చోండి. రోజూ కనబడతాయని చెప్పను. కనబడితే మాత్రం, వాటిని మనం ఏమీ ఇబ్బంది పెట్టనట్టే. అక్కడికి మనం వచ్చిన ఓడ మోత సంగతేమిటి అంటారా? అదీ తక్కువేం కాదు. ఈ జలసంధుల్లో పెద్ద ఓడలు వేగం తగ్గించి వెళ్ళే పద్ధతి 2017 నుంచి నడుస్తోంది, అంతవరకే చెప్పగలను. రాత్రి మా ఓడ కదులుతుంటే డెక్ మీద నిలబడి అమ్మ అదే అడిగింది: "ఇది వాటికి వినబడుతుందా?"

ఆగస్టులో అమ్మ కాకినాడ వెళ్ళిపోయింది.

2025 జనవరి మొదట్లో ఆ వార్త చూశాను. తాలెక్వాకి డిసెంబర్‌లో ఆడపిల్ల పుట్టి పోయిందట, మళ్ళీ మోసుకుంటూ తిరుగుతోందట. అమ్మకి చెప్పకూడదనుకున్నా. కానీ మీకు తెలుసుగా మన గ్రూపుల సంగతి, నాకన్నా ముందే ఆవిడకి ఎవరో పంపించేశారు. పొద్దున లేచేసరికి వాయిస్ మెసేజ్ ఉంది. పిల్లలు తిన్నారా, మంచు పడుతోందా అని మామూలు మాటలన్నీ అయ్యాక, "దాని మిగతా మగపిల్లలిద్దరూ దగ్గరే ఉన్నారా, కనుక్కుని చెప్పు" అంది.

కనుక్కున్నాను. ఉన్నారమ్మా అని పెట్టాను.