గడియకుడుకలో ప్రాసెసరు వేగం

కోర్ ఐ5-7200యూ అనే ఇంటెల్ ప్రాసెసరు ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ సిస్టం పేజీని తెరిస్తే, ప్రాసెసరు పేరు చివర 2.50 గిగాహెర్ట్జ్ అనీ, దాన్ని ఆనుకునే 2.71 గిగాహెర్ట్జ్ అనీ రెండు అంకెలు ఒకే వరుసలో కనిపిస్తాయి. సెకనుకు 250 కోట్ల స్పందనలతో నడుస్తుందని చెప్పి అమ్మిన చిప్‌కు మరో 21 కోట్ల స్పందనలు ఎక్కడి నుంచి వచ్చి చేరాయో తెలియక, ఆపరేటింగ్ సిస్టమే తప్పు చెబుతోందనుకుని దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించినవారు తక్కువేమీ కాదు. ఎక్కించాక కూడా 2.71 అక్కడే కూర్చుని ఉంటుంది. ఈ రెంటిలో మొదటి అంకె ఎవరూ కొలిచింది కాదు. అది చిప్‌లోనే భద్రపరిచిన, 48 అక్షరాలకు మించని పేరులో ఒక భాగం. మనిషి పేరులో ఇంటిపేరు ఎలాంటిదో అదీ అలాంటిదే. రెండోది మాత్రం యంత్రం మేలుకున్నప్పుడల్లా ఆపరేటింగ్ సిస్టం తనంతట తాను తేల్చుకునే విలువ. ఆ తేల్చుకునే పద్ధతి తెలిస్తే తప్ప 2.71 తప్పో ఒప్పో చెప్పడం సాధ్యం కాదు.

ఏ యంత్రమూ తన వేగాన్ని తానొక్కటే తెలుసుకోలేదు, ఎందుకంటే వేగమంటే ఒక లెక్కను మరో లెక్కతో భాగించగా వచ్చే ఫలితం. రామచంద్రపురం చుట్టుపక్కల ఏ రైసుమిల్లులోనైనా నిదానంగా తిరిగే పెద్ద చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు వేస్తోందో కొలసాధనం లేకుండా తెలుసుకోవాలంటే, చక్రం అంచున సుద్దతో పెట్టిన గుర్తు ఎన్నిసార్లు కంటి ముందుకు వచ్చిందో ఒకరు లెక్కపెట్టాలి, నిమిషం ఎప్పుడు నిండిందో చేతి గడియారం చెప్పాలి. గడియారం మందంగా నడిస్తే దాని నిమిషం సాగుతుంది, సాగిన నిమిషంలో చుట్లు ఎక్కువ పడతాయి, చక్రం తన మానాన తాను తిరుగుతున్నా వేగం పెరిగినట్టు కాగితం మీదికి ఎక్కుతుంది. గడియారం అన్న మాటలోనే దాగి ఉన్న గడియను, అంటే 24 నిమిషాల కాలాన్ని, పూర్వం గడియకుడుకతో కొలిచేవారు: అడుగున సన్నని రంధ్రమున్న చిన్న గిన్నెను నీళ్ళ మీద వదిలితే, నీరు మెల్లగా ఎక్కి అది మునిగేసరికి ఒక గడియ అయినట్టు. రంధ్రానికి నలుసు అడ్డుపడితే గడియే సాగిపోయేది. కంప్యూటరు లోపల ప్రాసెసరు వేగాన్ని తేల్చే ఏర్పాటు కూడా ఇంతకంటే భిన్నమైనది కాదు; అందులో సుద్దగుర్తూ ఉంది, కుడుకా ఉంది, అప్పుడప్పుడూ నలుసూ ఉంటుంది.

కుడుక పాత్రను పోషించేది క్వార్ట్‌జ్ స్ఫటికం, అంటే విద్యుత్తు తగిలినప్పుడు నియత వేగంతో కంపించే పలుచని బిళ్ళ. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరులో ఈ స్ఫటికం సెకనుకు 1,43,18,180 సార్లు కంపించేది. అమెరికా కలర్ టీవీ సంకేతంలో రంగును మోసే తరంగం వేగానికి ఇది సరిగ్గా నాలుగింతలు. కంప్యూటరు బొమ్మ కలర్ టీవీ మీద కూడా కనిపించాలి కనుక, ఒకే స్ఫటికంతో అన్ని పనులూ నడిపిస్తే ఖర్చు కలిసి వస్తుందని రూపకర్తలు ఎంచుకున్నారు. దాన్ని మూడుతో భాగిస్తే ఆనాటి ప్రాసెసరు వేగమైన 4.77 మెగాహెర్ట్జ్, నాలుగుతో భాగిస్తే టీవీ రంగు, పన్నెండుతో భాగిస్తే టైమర్ చిప్ వేగమైన 11,93,182 వచ్చేవి. భారతదేశంలో 1982లో మొదలైన రంగుల ప్రసారం పాల్ అనే వేరే పద్ధతిలో సాగినందువల్ల అమెరికా టీవీ తరంగంతో ఇక్కడివారికి ఏనాడూ పని పడలేదు. అయినా కాలం కొలవడానికి పెట్టిన మరో లెక్కసాధనంలో ఆ 35,79,545 అంకె మార్పు లేకుండా తర్వాతి తరాల కంప్యూటర్లలోనూ కొనసాగింది. ఇంజనీర్ల పొదుపు బుద్ధి ఇంత దీర్ఘాయుష్షు పొందిన సందర్భాలు అరుదు.

సుద్దగుర్తు 1993లో ఇంటెల్ పెంటియం ప్రాసెసరుతో వచ్చింది. ప్రాసెసరు లోపల ప్రతి స్పందనకూ ఒకటి చొప్పున పెరుగుతూ పోయే 64 బిట్ల లెక్కపెట్టెను పెట్టి, దాన్ని ఎప్పుడైనా చదువుకునేందుకు ఒక ఆదేశాన్ని ఇచ్చారు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం స్ఫటికాన్నీ లెక్కపెట్టెనూ జతచేసే తీరు ముచ్చటైనది. టైమర్ చిప్‌లోని మూడు విభాగాల్లో మొదటిది వ్యవస్థ గడియారానికి అంకితం కాబట్టి, లినక్స్ స్పీకరు కూతకు కేటాయించిన మూడో విభాగాన్ని అరువు తెచ్చుకుని, కూత వినబడకుండా స్పీకరు నోరు మూసి, సుమారు 11,932 స్పందనల దగ్గర నుంచి సున్నా దాకా దింపమంటుంది. అది దిగడానికి పట్టేది సెకనులో నూరో వంతు. దింపుడు మొదలయ్యే ముందు, ముగిసిన మరుక్షణం లెక్కపెట్టెను చదివినప్పుడు వాటి మధ్య తేడా 2,50,00,000 ఉంటే, దాన్ని నూరుతో హెచ్చించగా 250 కోట్లు, అనగా 2.50 గిగాహెర్ట్జ్ తేలుతుంది. తెలిసిన కాలంతో తెలియని వేగాన్ని ఇలా సరిచూసుకోవడాన్ని క్రమాంకనం అంటారు.

నలుసు అడ్డుపడేది ఇక్కడే. ఆపరేటింగ్ సిస్టంకు చెప్పకుండా ప్రాసెసరును కొద్దిసేపు తన వశం చేసుకునే అధికారం మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌కు, అంటే కంప్యూటరును మేలుకొలిపే మూల ప్రోగ్రాముకు, ఉంది. ఫ్యాను, బ్యాటరీ వంటివాటి ఆలనాపాలనా చూసేందుకు అది ఈ అధికారాన్ని వాడుతుంది. కుడుక మునిగే క్షణంలో ఇలా జరిగితే, లినక్స్ తెలివిలోకి వచ్చి లెక్క చదివేసరికి ఆలస్యమైపోతుంది, ఆ ఆలస్యంలోనూ లెక్కపెట్టె తిరుగుతూనే ఉంటుంది కనుక వేగం ఉన్నదానికంటే హెచ్చుగా తేలుతుంది. అందుకే లినక్స్ ఈ కొలతను ఒకటికి రెండుసార్లు చేసి తక్కువ వచ్చినదాన్ని ఉంచుకుంటుంది, ఒక్కొక్కసారి చదవడానికి పట్టిన సమయాన్ని గమనించి మధ్యలో ఎవరో చొరబడ్డారని అనుమానిస్తుంది, వేరే స్ఫటికపు లెక్కతో పోల్చి రెండూ పది శాతం లోపల ఏకీభవిస్తేనే నిశ్చింత చెందుతుంది. పంచాయితీలో ఒక సాక్షి మాటను నమ్మని పెద్దమనిషి వైఖరి ఇది.

ఇంతటి జాగ్రత్త లేని ప్రోగ్రాములు వేగం చేతిలోనే దెబ్బతిన్నాయి. పాస్కల్ భాషను పాఠంగా చదివిన తరానికి పరిచితమైన టర్బో పాస్కల్, టైమర్ రెండు టిక్కుల నడుమ దొరికే 55 మిల్లీసెకన్లలో ఒక ఖాళీ వలయం ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కించి, ఆ సంఖ్యను 55తో భాగించి, ఫలితాన్ని 16 బిట్ల గదిలో పెట్టుకునేది. ఆ గదిలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. అంటే వలయం 36 లక్షల పైచిలుకు సార్లు తిరిగేంత వేగం వచ్చిన నాడు భాగహారమే విఫలమవుతుంది. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ల మీద అదే జరిగి, ఏ సున్నా లేకపోయినా సున్నాతో భాగించారన్న నిందతో ప్రోగ్రాం ఆగిపోయేది. ఆ దోషానికి పెట్టిన సంఖ్య కూడా 200 కావడం కేవలం కాకతాళీయం. 350 మెగాహెర్ట్జ్, అంతకు మించిన ఏఎండీ కె6-2 చిప్‌ల మీద విండోస్ 95 మొరాయించడానికీ ఇలాంటి వలయమే కారణం: అదే వేగపు ఇంటెల్ చిప్ కంటే ఏఎండీ ఆ వలయ ఆదేశాన్ని చాలా చురుగ్గా ముగించడంతో, గడిచిన కాలం నిజంగానే సున్నాగా తేలింది. మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసి సరిదిద్దింది.

ఇంటెల్, ఏఎండీ కంపెనీల పోటీ వేగం అనే మాట అర్థాన్నే వంకర తిప్పింది. 2000 మార్చి 6న ఏఎండీ, రెండు రోజులకు ఇంటెల్ ఒక గిగాహెర్ట్జ్ చిప్‌లు ప్రకటించాయి. మరుసటి ఏడాది పెంటియం 4 స్పందనల సంఖ్యలో ముందుకు దూసుకుపోవడంతో, స్పందనకు జరిగే పని తమ చిప్‌లోనే ఎక్కువన్న వాదనతో ఏఎండీ 1,533 మెగాహెర్ట్జ్ చిప్‌కు అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ అని పేరు పెట్టింది. వాదన న్యాయమైనదే, పేరు మాత్రం చిక్కులు తెచ్చేది. 1,800 ఉంటుందనుకున్నచోట 1,533 కనిపిస్తే ఆపరేటింగ్ సిస్టం నిర్దోషి; 1,150 కనిపిస్తే మాత్రం మదర్‌బోర్డు మీది నాణెపు సెల్లు అయిపోయి, బయోస్ అనే ఫర్మ్‌వేర్ తన అమరికలు మరిచి, 133కు బదులు 100 మెగాహెర్ట్జ్ మూలవేగంతో 11.5 గుణకాన్ని హెచ్చిస్తోందని వెంటనే అనుమానించవచ్చు.

లెక్కపెట్టె తిరిగేదీ ప్రాసెసరు తిరిగేదీ ఒకే వేగమన్న నమ్మకం ల్యాప్‌టాప్‌లతో చెదిరింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు వేగం తగ్గించుకునే చిప్‌లు 2000 నుంచి రాగా, తగ్గిన వేళ కొలిచిన అంకెనే ఆపరేటింగ్ సిస్టం రోజంతా చెబుతూ ఉండేది. దానికి విరుగుడుగా లెక్కపెట్టెను ప్రాసెసరు నడకతో సంబంధం లేకుండా స్థిరవేగంతో తిప్పడం మొదలుపెట్టారు. కాలం కొలవడానికి అది మేలే అయింది గాని, దానితో సుద్దగుర్తును చక్రం మీద నుంచి తీసి పక్కనున్న వేరే చక్రానికి పెట్టినట్టయింది. ఐ5-7200యూలో ఆ పక్క చక్రాన్ని 24 మెగాహెర్ట్జ్ స్ఫటికం 113 రెట్లతో తిప్పుతుంది: 24ను 113తో హెచ్చిస్తే 2,712. ల్యాప్‌టాప్ తయారీదారు వేడి పరిమితిని పెంచదలిస్తే ఈ చిప్‌ను 2.70 గిగాహెర్ట్జ్ సాధారణ వేగంతో నడపడానికి ఇంటెల్ అనుమతి ఉంది, లెక్కపెట్టె దానికి దగ్గరగా అమరింది. కాబట్టి 2.50 పేరు, 2.71 లెక్కపెట్టె వేగం, ఆ క్షణాన ప్రాసెసరు నిజంగా నడిచే వేగం ఈ రెండూ కాదు. దాన్ని పట్టడానికి చిప్‌లో స్థిరవేగంతో ఒకటి, అసలు వేగంతో ఒకటి తిరిగే మరో లెక్కల జంట ఉంది. మొదటిది 30 లక్షలు తిరిగేలోగా రెండోది 42 లక్షలు తిరిగితే అసలు వేగం ఆ స్థిరవేగానికి 1.4 రెట్లు. కుడుకే తప్పితే ఈ లెక్కలకు విలువ ఉండదు: ప్రాసెసర్లను నిర్ణీత వేగానికి మించి పరుగెత్తించే ఓవర్‌క్లాకింగ్ పోటీలు నడిపే హెచ్‌డబ్ల్యూబాట్ సంస్థ 2013 ఆగస్టులో విండోస్ 8 ఫలితాలను తిరస్కరించిందంటే, ఇంటెల్ యంత్రం నడుస్తుండగా మూలవేగాన్ని మారిస్తే ఆ విండోస్ గడియారమే దారి తప్పుతుందని తేలడం వల్ల. ఆరు శాతం వెనకబడే గడియారం ఐదు నిమిషాల్లో 18 సెకన్లు మింగేస్తుంది.

ఇక విండోస్ టాస్క్ మేనేజర్‌లో వేగం 0.79 గిగాహెర్ట్జ్ గాని 0.39 గాని స్థిరంగా నిలిచి, పని ఎంత పెంచినా కదలకపోతే, అలవాటుగా నిందపడే ఆపరేటింగ్ సిస్టం అప్పుడు చెబుతున్నది అచ్చమైన నిజం. 100 మెగాహెర్ట్జ్ మూలవేగానికి ఎనిమిది లేదా నాలుగు రెట్లు ఇవి; రేడియో తరంగాలకు అడ్డు రాకుండా మూలవేగాన్ని కావాలనే 100కు రవ్వంత దిగువన ఊపుతారు గనుక 0.80 పూర్తిగా నిండదు. వేడెక్కకపోయినా వేడెక్కినట్టు మదర్‌బోర్డు పంపే సంకేతం ప్రాసెసరును ఇక్కడికి దించుతుంది, ఆ సంకేతానికి మూలం చాలాసార్లు చార్జరు. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపినప్పుడు అంకె లేచిందంటే విండోస్ మళ్ళీ ఎక్కించే శ్రమ అక్కర్లేదు. ఆ చార్జరును మీటరు పెట్టి చూస్తే 19.5 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తుంది, దోషమేమీ దొరకదు. కొన్ని రకాల చార్జర్లలో పిన్ను నడిమధ్య ఉండే సూదిలాంటి తీగ ఒకటి తన సామర్థ్యం ఎన్ని వాట్లో ల్యాప్‌టాప్‌కు చెబుతుంది, తెగింది అది.