బంతితో మొదలైన వెరిటాసియం

బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. చేతిని వదిలేసింది, ఇంకా పైకే వెళ్తోంది. ఆ సమయంలో దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి? ఏటా తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న వేస్తాను. “మనం విసిరిన బలం ఉంటది టీచర్, అది అయిపోయాక కింద పడుద్ది” అంటారు పిల్లలు. గుంటూరు జిల్లాలో మా జిల్లా పరిషత్తు బడి పిల్లలే కాదు, సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివే కుర్రాళ్లలోనూ చాలామంది ఇదే అన్నారు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, చెయ్యి వదిలిన దగ్గర్నుంచీ బంతి మీద ఉన్నది భూమ్యాకర్షణ ఒక్కటే, అదీ కిందికి. బంతి పైకి పోతున్నది బలం వల్ల కాదు, అప్పటికే దానికున్న వేగం వల్ల.

ఇలాంటి తప్పులు మన తలలో ఎందుకంత గట్టిగా నాటుకుంటాయి, వీడియో పాఠం వాటిని కదిలించగలదా అన్న దాని మీద డాక్టరేటు చేసిన మనిషి డెరెక్ ముల్లర్. యూట్యూబ్‌లో వెరిటాసియం చానల్ ఆయనదే. దాన్ని ఇప్పుడు కోటిమందికి పైగా అనుసరిస్తున్నారు. కానీ ఆయన గురించి రాయమంటే నేను ముందు చెప్పేది ఆ కోటి సంగతి కాదు, పీహెచ్‌డీలో చేసిన ప్రయోగం సంగతి.

విద్యార్థులకి ముందు ఈ బలాల మీద ఒక పరీక్ష పెట్టాడు. 26కి సగటున 6 మార్కులొచ్చాయి. తర్వాత ఇదే పాఠాన్ని బొమ్మలతో, తప్పు లేకుండా, సూటిగా చెప్పే వీడియో చూపించాడు. ఎలా ఉందని అడిగితే “చక్కగా ఉంది, తేలిగ్గా అర్థమైంది” అన్నారు. మళ్లీ పరీక్ష పెడితే సగటు 6.3. అంటే దాదాపు ఏమీ మారలేదు. ఇంకో గుంపుకి వేరే రకం వీడియో చూపించాడు. అందులో ముందు తప్పు అభిప్రాయాన్నే ఒకరి నోట చెప్పించి, అది ఎక్కడ నిలవదో చర్చించి, ఆ తర్వాత సరైన సంగతికి వచ్చారు. చూసినవాళ్లు “గందరగోళంగా ఉంది” అని పెదవి విరిచారు. వాళ్ల సగటు మాత్రం 11కి పెరిగింది.

కారణం ఆయన మాటల్లో చాలా మామూలుగా ఉంటుంది. తేటగా చెప్పే పాఠం వింటున్నప్పుడు “ఇది నాకు తెలిసిందే” అనిపిస్తుంది, దాంతో బుర్ర పెట్టడం మానేస్తాం. అంతకన్నా విచిత్రం, మన తలలో ఉన్న తప్పునే తెర మీద కూడా చెప్పారని తర్వాత గట్టిగా నమ్ముతాం. పాఠం బాగుందన్న మెప్పుకీ, పాఠం వంటబట్టడానికీ సంబంధం అంత తక్కువ. పాఠాలు చెప్పే వాళ్లందరూ, పిల్లల చేతికి ఫోనిచ్చి “పాఠం విను” అనే తల్లిదండ్రులందరూ ఒక్కసారి ఈ అంకెల ముందు ఆగాలని నా కోరిక.

ముల్లర్ 1982లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, ట్రారల్గన్ అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు దక్షిణాఫ్రికా వాళ్లు. పసివాడిగా ఉండగానే కుటుంబం కెనడాలోని వాంకూవర్ చేరింది. అక్కడే పెరిగాడు. క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ ఫిజిక్స్ చదివి 2004లో పట్టా తీసుకున్నాడు. మనసు మాత్రం సినిమాల మీద. సినిమా తీయడం నేర్చుకుందామనే ఆస్ట్రేలియా వెళ్లాడు, చేరింది మాత్రం సిడ్నీలో భౌతికశాస్త్ర బోధన మీద పరిశోధనలో. రెండు ఇష్టాలూ అక్కడ కలిశాయి. “భౌతికశాస్త్రం నేర్పడానికి పనికొచ్చే వీడియో ఎలా ఉండాలి” అన్నదే సిద్ధాంత గ్రంథం. 2008లో డాక్టరేటు వచ్చింది. కొన్నాళ్లు ఒక ట్యూషన్ సంస్థలో సైన్సు విభాగం చూసి, అది వదిలేసి 2011 జనవరిలో చానల్ పెట్టాడు.

మొదటి రోజుల వీడియోలు చూడండి. స్టూడియో లేదు, హంగులు లేవు. కెమెరా పట్టుకుని సిడ్నీ పార్కుల్లో, వీధుల్లో దారిన పోయేవాళ్లని ఆపి అడుగుతాడు. ఇంత పెద్ద చెట్టు, దీని బరువంతా ఎక్కణ్నుంచి వచ్చింది? మట్టిలోంచి అంటారు, నీళ్లలోంచి అంటారు, ఎండ అంటారు. ఆయన నవ్వడు, సరిదిద్దడు. “మట్టిలోంచే అయితే చెట్టు చుట్టూ గొయ్యి పడాలి కదా” అన్నట్టుగా ఒక్కో మెట్టూ దించుకుంటూ పోతాడు. చివరికి సంగతి బయటపడుతుంది. నీళ్లు తీసేస్తే కర్రలో ఎక్కువ భాగం గాల్లోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందే. మా బడి ఆవరణలో వేపచెట్టు కింద ఈ ప్రశ్నే వేస్తే మా పిల్లలూ గుండ్రంగా తిరిగి అక్కడికే వచ్చారు. “గాల్లోంచి మొద్దు ఎలా వస్తది టీచర్” అని ఒక పిల్ల నమ్మలేక చెట్టుని చేత్తో తట్టి చూసింది. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం ఆ పిల్లకి అప్పటికే కంఠతా వచ్చు.

స్ప్రింగు ప్రయోగం కూడా ఆ రోజులదే. మన తిరునాళ్లలో అమ్మే రంగుల ప్లాస్టిక్ స్ప్రింగు తెలుసు కదా, అలాంటి దాన్నే పై కొస పట్టుకుని కిందికి వేలాడదీసి వదిలేస్తే ముందు ఏ కొస పడుతుంది? సిడ్నీ ఆచార్యుడు రాడ్ క్రాస్‌తో కలిసి దాన్ని వేగంగా పనిచేసే కెమెరాతో తీశాడు. పై భాగం కుప్పకూలుతూ వస్తోంది, కింది కొస మాత్రం గాల్లో ఉన్నచోటే ఆగి ఉంది! పైన వదిలేశారన్న కబురు చుట్టల గుండా కిందికి చేరడానికి సమయం పడుతుంది. అది చేరేదాకా కింది చుట్టని పైకి లాగే బిగువు దాని బరువుకి సరిపోతూనే ఉంటుంది, అందుకే కదలదు.

ఆ తర్వాత పరిధి పెరిగింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ టీవీలో కాటలిస్ట్ అనే సైన్సు కార్యక్రమానికి పనిచేశాడు. 2015లో యురేనియం చరిత్ర మీద డాక్యుమెంటరీకి వ్యాఖ్యాత అయ్యాడు. ఆ ప్రయాణాల్లోంచి వచ్చిందే భూమ్మీద రేడియేషన్ ఎక్కువున్న చోట్లు వెతికిన వీడియో. కొలిచే పరికరం పట్టుకుని హిరోషిమా, పారిస్‌లో మేరీ క్యూరీ పనిచేసిన గది, చెర్నోబిల్, ఫుకుషిమా తిరుగుతాడు. అయితే అన్నిటికన్నా ఎక్కువ మోతాదు ఎవరికి అంటే, పొగతాగేవాళ్ల ఊపిరితిత్తులకి! పొగాకు ఆకులో చేరే పొలోనియం, రేడియోధార్మిక సీసం వల్ల ఏడాదికి 160 మిల్లీసీవర్ట్‌లని ఆయన చూపిన లెక్క. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలుండే వ్యోమగామికి 80. పొగాకు బోర్డు ఉన్న గుంటూరు నుంచి రాస్తున్నాను కాబట్టి ఈ అంకెలు నాకు ఊరికే పోలేదు.

ఇక వీడియోల పేర్ల గొడవ. లాస్ ఏంజిలిస్ తాగునీటి జలాశయంలో 9.6 కోట్ల నల్లటి ప్లాస్టిక్ బంతులు తేలుతుంటాయి. నీళ్లలో సహజంగా ఉండే బ్రోమైడ్, శుద్ధికి కలిపే క్లోరిన్, పైనుంచి ఎండ కలిస్తే బ్రోమేట్ అనే క్యాన్సర్ కారకం తయారవుతుంది. ఎండ తగలకుండా ఆపడానికే ఆ బంతులు. 2019లో ముల్లర్ వాటి మధ్య పడవలో వెళ్లి తీసిన వీడియోని కోట్లమంది చూశారు. “ఇన్ని బంతులు ఎందుకు?” అన్న పేరు, దాని ముఖచిత్రం చూసి లోపలికొచ్చినవాళ్లే ఎక్కువ. ఈ విషయం మీద ఆయన విడిగా ఒక వీడియోనే చేశాడు. మంచి పాఠమైనా పేరు పట్టి లాగకపోతే ఎవరికీ చేరదు కాబట్టి పేర్లు మార్చి మార్చి చూస్తానని దాచకుండా చెప్పాడు. ఇందులో నేను పూర్తిగా ఆయన వైపు లేను. పేరులో ప్రశ్న ఉంటే సరే. భయమో సంచలనమో ఉంటే పిల్లలు వెతుక్కునేది ప్రశ్నని కాదు, సంచలనాన్ని.

ఆయనలో నాకు బాగా నచ్చేది వాదానికి దిగి నిలబడడం. 2021లో బ్లాక్‌బర్డ్ అనే బండి నడిపాడు. రిక్ కవల్లారో అనే ఆయన తయారుచేసిన ఆ బండికి ఇంజను లేదు, ఉన్నది నిలువెత్తుకి మించిన ప్రొపెల్లర్. గాలి వీచే వైపే గాలికన్నా వేగంగా పోతుంది. అసాధ్యమని లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెగ్జాండర్ కుసెంకో 10,000 డాలర్ల పందెం కాశాడు. ఒప్పందానికి బిల్ నై, నీల్ డిగ్రాస్ టైసన్, షాన్ కారల్ అనే సైన్సు ప్రముఖులు సాక్షులు. అందరూ గాలి ప్రొపెల్లర్ని తిప్పితే అది చక్రాలని నడుపుతుందనుకుంటారు. అసలు జరిగేది దానికి తలకిందులు, చక్రాలే ప్రొపెల్లర్ని తిప్పుతాయి. బండి గాలితో సమానంగా పోతున్నప్పుడు కూర్చున్నవాడికి చుట్టూ గాలి నిశ్చలం, కింద నేల మాత్రం జోరుగా వెనక్కి పోతోంది. జోరుగా పోయే నేల మీద చక్రం కొద్దిపాటి బలంతోనే చాలినంత శక్తి తీసుకుంటుంది. అదే శక్తితో నిశ్చలంగా ఉన్న గాలిని నెడితే ఎక్కువ బలం పుడుతుంది, బండి ముందుకే పోతుంది. గాలికీ నేలకీ మధ్య ఉన్న వేగం తేడాయే ఇక్కడ ఇంధనం. చివరికి కుసెంకో ఓటమి ఒప్పుకున్నాడు.

అదే ఏడాది చివర్లో కరెంటు మీద తీసిన వీడియోపై చాలామంది ఇంజినీర్లు విరుచుకుపడ్డారు. తీగలు అటూ ఇటూ లక్షల కిలోమీటర్లు పోయి వచ్చినా, మీటరు దూరంలోని బల్బు స్విచ్ వెయ్యగానే దాదాపు వెంటనే స్పందిస్తుందన్నాడు, శక్తి తీగ చుట్టూ ఉన్న విద్యుత్, అయస్కాంత క్షేత్రాల ద్వారా వస్తుంది కాబట్టి. “అంత కొద్ది కరెంటుని బల్బు వెలగడమంటారా?” అన్నది విమర్శ. 2022లో చిన్న నమూనా కట్టించి, కొలిచి, మొదటిసారి తన వివరణ చాలలేదని ఒప్పుకుంటూ ఇంకో వీడియో పెట్టాడు.

ఇప్పుడు వెరిటాసియం వెనక పెద్ద బృందం ఉంది, పెట్టుబడిదారులున్నారు, కొన్ని వీడియోల్లో ముల్లర్ కనిపించడు, వేరేవాళ్లు చెబుతారు. చిత్రీకరణ బ్రహ్మాండం, పరిశోధన లోతు. నాకు మాత్రం వీధిలో తడబడే జవాబుల కోసం ఎదురుచూసే ఆ పాత ముల్లరే ఎక్కువ కావాలి. పిల్లలకి చూపించాలనుకుంటే అక్కణ్నుంచే మొదలుపెట్టండి, చెట్టు వీడియోతో, స్ప్రింగు వీడియోతో. ఇంగ్లీషు పట్టు దొరకకపోతే మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి. వీడియోలో ప్రశ్న అడగగానే ఆపేసి, పిల్లలందరి చేతా జవాబు కాగితం మీద రాయించి, ఎందుకలా అనుకున్నారో ఒక్కొక్కరినీ చెప్పమని అడిగి, ఆ తర్వాతే మళ్లీ నడిపించండి.